ఏం చేశావో చెప్పు



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పాటైంది మాస్టారి పేరున. ఆయన ఈ ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేయడం ఆయన వృత్తి. సాయంత్రం బ్యాచీలు అయిపోయాక వచ్చేవాళ్ళు వేరు. పేపర్లో ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకున్నవాళ్ళు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి కార్డు అందినవాళ్ళు దరఖాస్తు టైపు చేయించుకోవడానికి వచ్చేవారు. మిషన్లోకి కాగితం ఎక్కించే ముందు మాస్టారు ఒక్కటే అడిగేవారు: "ఏం చదివావో సర్టిఫికెట్టులో ఉంటుంది. ఏం చేశావో చెప్పు." చాలామంది నీళ్ళు నమిలేవారు. ఆయన వదిలేవారు కాదు. మేనమామ ఎరువుల కొట్లో రెండేళ్ళు స్టాకు రిజిస్టరు రాశానని ఒక అబ్బాయి చేత, సంఘం పాల కేంద్రంలో వెన్నశాతం లెక్కలు తానే చూసేదాన్నని ఒక అమ్మాయి చేత చెప్పించి, ఆ వాక్యాన్ని తెచ్చి దరఖాస్తు మొదటి పేరాలో కూర్చోబెట్టేవారు.

నాకిచ్చిన విషయం ఉద్యోగ దరఖాస్తు, ఇంటర్వ్యూ. షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, ఏ రంగు చొక్కా వేసుకోవాలి అనేవి చెప్పే పుస్తకాలకూ వీడియోలకూ కొదవ లేదు. నేను వాటి జోలికి పోను. మాస్టారి ప్రశ్న చుట్టూనే తిరుగుతాను. దానికి నేను ఎంచుకున్న ఉదాహరణ, గుమాస్తా ఉద్యోగం కోసం మద్రాసు రాజధాని అంతా తిరిగిన ఒక తమిళ యువకుడు. పేరు శ్రీనివాస రామానుజన్. గణితవేత్తగా ఆయన మనందరికీ తెలుసు. ఉద్యోగార్థిగా ఆయన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. 1910 నుంచి 1913 దాకా ఆయన ఎవరెవరిని కలిశారు, ఏమని అడిగారు, ఏమని రాశారు అన్నది చాలావరకు నమోదై ఉంది.

మహామేధావి కథ మాకెందుకని ఆఖరి సంవత్సరం విద్యార్థులైన మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆయన మేధావి అని కాగితం మీద రుజువు ఏదీ లేదు. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి మళ్ళీ తప్పారు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. 1909లో పెళ్ళి కూడా అయింది. మీలో బ్యాక్‌లాగులు మిగిలినవాళ్ళెవరైనా ఉంటే, ఈ మనిషి మీ పక్క బెంచీలో కూర్చున్నవాడే అనుకోండి.

1910లో ఆయన తిరుక్కోయిలూరు వెళ్ళి డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్‌ని కలిశారు. అడిగింది తాలూకా కచేరీలో ఏదో ఒక చిన్న గుమాస్తా పని. ఉద్యోగం వేయించగల అధికారులు జిల్లాకు పదిమంది ఉంటారు. కానీ రామస్వామి అయ్యర్ ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించిన మనిషి. నోటు పుస్తకం తెరిస్తే అందులో ఏముందో ఆయనకు తెలుస్తుంది. తెలిసింది కూడా. ఇలాంటివాణ్ణి రెవెన్యూ శాఖ అడుగుమెట్టు మీద కూర్చోబెట్టి తొక్కేయడానికి మనసొప్పక, పరిచయ లేఖలిచ్చి మద్రాసు పంపారు. అడిగిన ఉద్యోగం రాలేదు. అయినా ఆ ప్రయాణం వృథా కాలేదు. ఎవరిని అడగాలో ముందుగా ఆలోచించుకోవడం వల్లే తరవాతి తలుపు తెరుచుకుంది. ఈరోజు పోర్టల్‌లో ఒక్క బటన్ నొక్కి మూడు వందల కంపెనీలకు ఒకే రెజ్యూమే పంపే పిల్లల్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్ళు పడే శ్రమ తక్కువేమీ కాదు. ఆ మూడు వందల చోట్ల వీళ్ళ పని అర్థమయ్యే మనిషి ఎక్కడున్నాడో వెతకడానికి ఒక్క సాయంత్రం కేటాయించరు, అదీ నా బాధ.

ఇక నెల్లూరు సంగతి. నా దృష్టిలో మన నేల మీద జరిగిన గొప్ప ఇంటర్వ్యూ అదే. ఆర్. రామచంద్రరావు అప్పుడు నెల్లూరు కలెక్టరు, మ్యాథమెటికల్ సొసైటీకి కార్యదర్శి కూడా. తన పాత గురువు పి.వి. శేషు అయ్యర్ ఇచ్చిన పరిచయంతో రామానుజన్ 1910 డిసెంబరులో ఆయన దగ్గరికి వెళ్ళారు. గడ్డం గీసుకోలేదు, బట్టలు అంత శుభ్రంగా లేవు, చంకలో నలిగిన నోటు పుస్తకం. కళ్ళు మాత్రం వెలుగుతున్నాయని కలెక్టరే తరవాత రాశారు. చూపించిన గణితం ఆయనకు అందలేదు. అందులో అర్థముందో లేదో తేల్చలేక మళ్ళీ రమ్మన్నారు.

మళ్ళీ వెళ్ళినప్పుడు రామానుజన్ చేసిన పనిని మీరు జాగ్రత్తగా గమనించాలి. ఎదుటి మనిషికి ఎంతవరకు తెలుసో అప్పటికి ఆయన అంచనా వేసుకున్నారు. తన ఫలితాల్లో తేలికైనవి ముందు బయటికి తీశారు. అవి కలెక్టరుకు అర్థమయ్యాయి, అప్పటి పుస్తకాల్లో ఉన్నదానికంటే ముందున్నాయని కూడా తెలిసింది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎలిప్టిక్ ఇంటెగ్రల్స్‌కు, హైపర్‌జామెట్రిక్ శ్రేణులకు తీసుకెళ్ళి, చివరికి ఇంకా ఎక్కడా ప్రకటించని తన అపసరణ శ్రేణుల సిద్ధాంతం చూపించారు. కలెక్టరు ఒప్పుకోక తప్పలేదు. నీకేం కావాలని అడిగారు. బతకడానికి కాస్త ఆధారం, పరిశోధన చేసుకోవడానికి తీరిక కావాలని రామానుజన్ జవాబు. నెలకు 25 రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది.

మొదటిసారి వెళ్ళినప్పుడూ ఆ నోటు పుస్తకం అదే, అందులోని గణితమూ అదే. చూపించిన వరస మారింది. ఇంటర్వ్యూలో మనం తప్పేది చాలాసార్లు ఇక్కడే. తెలియక తప్పేవాళ్ళ కంటే, తెలిసినదాన్ని ఎదుటివాళ్ళకు అందే వరసలో పెట్టలేక తప్పేవాళ్ళే ఎక్కువని నా అనుభవం.

దీన్ని మన కళాశాల గదిలోకి తెస్తాను. వ్యవసాయ మోటారును సెల్‌ఫోన్‌తో నడిపే పరికరం మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఎవరో ఒకరు చేసే ప్రాజెక్టు. నేను కూర్చున్న ఒక మాక్ ఇంటర్వ్యూలో ఒక అబ్బాయిని దాని గురించి అడిగితే, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అంటే ఏమిటో నిర్వచనంతో మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు నిర్వచనమే నడిచింది. ఆపి, "ఎందుకు చేశావు నాన్నా ఇది?" అన్నాను. అప్పుడు తెలుగులో చెప్పాడు. వాళ్ళ ఫీడరుకు కరెంటు రాత్రిపూట వచ్చేది. మోటారు వేయడానికి వాళ్ళ నాన్న చీకట్లో గట్టు మీద పడి వెళ్ళేవాడు. ఒకసారి మూడు ఫేజుల్లో ఒకటి పోతే, తెలియక మోటారు అలాగే నడిచి వైండింగ్ కాలిపోయింది. అందుకని ఇతను ఫోన్‌తో ఆన్ చేసే ఏర్పాటుతో ఆగకుండా, ఫేజు పోతే దానంతటదే ఆగిపోయే రిలే కూడా పెట్టాడు. బోరు దగ్గర సిగ్నలు అందక మొదటి యాంటెన్నా పనిచేయలేదు. దాన్ని స్తంభం మీదికి ఎత్తి కడితే పనిచేసింది. నేను అడగకపోతే ఇందులో ఒక్క ముక్క కూడా బయటికి వచ్చేది కాదు.

ఆ జవాబు వరస చూడండి. ఇంట్లో ఉన్న కష్టం ఎవరికైనా అర్థమవుతుంది. హెచ్చార్ మనిషి అక్కడి నుంచే ఆసక్తిగా వింటాడు. ఫేజు సంగతి రాగానే టెక్నికల్ ప్యానెల్ మనిషి ముందుకు వంగుతాడు. యాంటెన్నా దగ్గరికి వచ్చేసరికి ఇది ఎక్కడో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కాదని అందరికీ తెలిసిపోతుంది. పనిచేయనిది ఏదో, దాన్ని ఎలా సరిచేశారో చెప్పినప్పుడే పని మీరే చేశారని నమ్మకం కలుగుతుంది. అదే జవాబును ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాల్లో నాలుగుసార్లు గట్టిగా చెప్పుకుని చూడమన్నాను. కంఠతా పట్టవద్దని కూడా చెప్పాను. కంఠతా పట్టినదాంట్లో ఒక్క మాట జారితే మిగతాదంతా దానితోపాటే పోతుంది. జరిగిన సంగతి ఎక్కడి నుంచి మొదలుపెట్టినా చెప్పగలం.

మళ్ళీ రామానుజన్ దగ్గరికి. ఒకరి ధర్మం మీద ఎక్కువకాలం బతకడం ఇష్టంలేక ఆయన మళ్ళీ ఉద్యోగం వెతికారు. 1912 ఫిబ్రవరి 9న ట్రిప్లికేన్‌లోని తన గది నుంచి మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌కు దరఖాస్తు రాశారు. మొత్తం కలిపి ఐదారు వాక్యాలు. గుమాస్తా పని ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెడుతున్నానన్నారు. మెట్రిక్ ప్యాసయ్యానని, ఎఫ్.ఏ. దాకా చదివానని, ప్రతికూల పరిస్థితుల వల్ల చదువు సాగలేదని ఒక వాక్యం. అప్పటినుంచి కాలమంతా గణితానికే కేటాయించానని మరో వాక్యం. ఈ పనికి న్యాయం చేయగలనన్న నమ్మకం ఉందని ఇంకొకటి. అంతే.

చదువు మధ్యలో ఆగిపోయిందన్నది ఆయన దాచలేదు, దాని గురించి ఏడవనూ లేదు. ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే ఆ ఖాళీ కాలంలో చేసిన పని మీదికి వెళ్ళారు. చదువులో గ్యాప్ ఉన్నవాళ్ళు, పిల్లల్ని పెంచడానికి ఉద్యోగం మానేసి మళ్ళీ వస్తున్న ఆడవాళ్ళు, సివిల్స్‌కో గ్రూప్స్‌కో నాలుగేళ్ళు చదివి కంపెనీల వైపు మళ్ళినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఈ గ్యాప్ గురించే. ఒక వాక్యం నిజం, ఆ తరవాత పని. సంజాయిషీ మూడు వాక్యాలు దాటితే చదివేవాళ్ళ దృష్టి అక్కడే ఆగిపోతుంది.

దరఖాస్తుతోపాటు ప్రెసిడెన్సీ కళాశాల గణిత ఆచార్యులు ఇ.డబ్ల్యు. మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు జతచేశారు. అంకెల పనిలో ఈ యువకుడికి అసాధారణమైన సామర్థ్యం ఉందని, లెక్కలు చాలా వేగంగా చేస్తాడని అందులో ఉంది. అకౌంట్స్ విభాగంలో గుమాస్తా కావాలనుకునేవాళ్ళకు తెలియాల్సింది అదే. మనవాళ్ళు తెచ్చే సిఫారసుల్లో క్రమశిక్షణ, వినయం, సత్ప్రవర్తన ఉంటాయి. అవి మంచి గుణాలే, కానీ ఏ ఉద్యోగానికీ ప్రత్యేకంగా పనికిరావు. మీ గురించి రాసివ్వమని అధ్యాపకుల్ని అడిగేటప్పుడు, ఆ ఉద్యోగ ప్రకటన కూడా వాళ్ళ చేతికివ్వండి. రామానుజన్ మార్చి 1న నెలకు 30 రూపాయల జీతం మీద చేరారు.

మన రెజ్యూమేల గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. మొదట "కెరీర్ ఆబ్జెక్టివ్" అని ఒక పేరా ఉంటుంది. అది నలభై మంది రెజ్యూమేల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకటే. చివర తండ్రి పేరు, పుట్టినతేదీ, మతం, పాటలు వినడం హాబీ, పై వివరాలన్నీ నిజమని డిక్లరేషన్. మధ్యలో ప్రాజెక్టు పేరు ఒక్క లైను. తిరగేయండి దాన్ని. ఆ ఒక్క లైనే మీ రెజ్యూమే. "హాస్టల్ కమిటీ సభ్యుడిగా పనిచేశాను" అని ఒక విద్యార్థి రాశాడు. ఏం చేశావంటే, మెస్ బకాయిలు చేతిరాత పుస్తకంలో ఉండి నెలనెలా గొడవలయ్యేవని, వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించి ఎవరి లెక్క వాళ్ళు చూసుకునేలా చేశానని, ఆ సంవత్సరం గొడవలు ఆగాయని చెప్పాడు. అకౌంట్స్ ఉద్యోగానికి ఇంతకంటే ఏం కావాలి? ఇది పేజీ మొదట్లో ఉండాలి. మతం, తండ్రి పేరు ఉండనక్కర్లేదు.

పోర్ట్ ట్రస్ట్‌లో చేరిన మరుసటి ఏడాది, 1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని గణితవేత్త జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశారు. అంతకుముందు అక్కడే మరి ఇద్దరు ప్రొఫెసర్లకు రాస్తే ఫలితం లేకపోయిందని చెబుతారు. ఈ ఉత్తరం మొదట్లోనే తాను పోర్ట్ ట్రస్ట్‌లో ఏడాదికి 20 పౌండ్ల జీతం మీద గుమాస్తానని, విశ్వవిద్యాలయ చదువు లేదని చెప్పేశారు. తరవాత హార్డీ రాసిన "ఆర్డర్స్ ఆఫ్ ఇన్ఫినిటీ" అనే చిన్న పుస్తకం ప్రస్తావించారు. దాని 36వ పేజీలో, ఒక సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో కచ్చితంగా చెప్పే సూత్రం ఇంతవరకు దొరకలేదని మీరు రాశారు, అసలు విలువకు చాలా దగ్గరగా వచ్చేది నాకు దొరికిందని అన్నారు. వెనక పేజీల నిండా సిద్ధాంతాలు.

హార్డీ పుస్తకాన్ని ఆయన పేజీ అంకెతో సహా చదివారు. "మీ సంస్థలో పనిచేయడం నా కల" అని కవరింగ్ లెటర్‌లో రాసేవాళ్ళు, ఆ సంస్థ ఏం తయారుచేస్తుందో, ఎవరికి అమ్ముతుందో, పోయిన సంవత్సరం ఎక్కడ ఇబ్బంది పడిందో ఒక పూట చదివితే, ఆ కల గురించిన వాక్యం అవసరమే ఉండదు. ఇంకో సంగతి. ప్రధాన సంఖ్యల గురించి రామానుజన్ అన్నది అంత కచ్చితం కాదని తరవాత తేలింది. అయినా ఉత్తరం నిలబడింది, వెనక పేజీల్లో మిగతా పని ఉంది కాబట్టి. హార్డీ నిరూపణలు పంపమన్నారు. అదే ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది.

ఇప్పుడు కష్టమైన సంగతి. పని చూపించమంటున్నాను కదా, చేయని పని చూపించడం మన రెండు రాష్ట్రాల్లో ఒక వ్యాపారమైంది. డబ్బు తీసుకుని మూడేళ్ళ అనుభవం పత్రం ఇచ్చేవాళ్ళున్నారు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మీ బదులు మాట్లాడే ప్రాక్సీలున్నారు. ఊళ్ళో భూమి అమ్మి ఆ డబ్బు కట్టిన కుటుంబాలు నాకు తెలుసు. పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు చూస్తే ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేశారో సంస్థకు తెలిసిపోతుంది. అలా బయటపడి ఉద్యోగం పోయిన పిల్లలు మళ్ళీ నిజం చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా నలిగిపోతున్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. ఆ డబ్బుతో ఆరు నెలలు గది అద్దె కట్టుకుని, ఒక్క నిజమైన పని చేసి చూపండి.

భాష మాటేమిటని అడుగుతారు. సివిల్స్‌లో మెయిన్స్‌కు 1750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025 మార్కులు. ఆ ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వ ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాసి, ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడి 2016 పరీక్షలో దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. కంపెనీల్లో ఇంగ్లీషు తప్పదు, కాదనను. కానీ విషయం ముందు తెలుగులో స్పష్టపడితే ఇంగ్లీషు వాక్యం పొట్టిదైనా నిలబడుతుంది.

ఇక మిగిలింది, నియామకాల కోసం ఈ ఊరు వచ్చి ఈ హాల్లో ముందు వరసలో కూర్చున్న సంస్థల ప్రతినిధులతో చెప్పవలసింది. అభ్యర్థులు ఎంత తయారైనా, వాళ్ళ చేతుల్లో లేనిది మీ చేతుల్లో ఉంది.

2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లీషు దినపత్రికల్లో ప్రకటనలిచ్చిన ప్రైవేటు సంస్థలకు ఒకే అర్హతలున్న దరఖాస్తుల్ని వేర్వేరు పేర్లతో పంపారు. ఒకటి పైకులం పేరు, ఒకటి దళితుల్లో ఉండే పేరు, ఒకటి ముస్లిం పేరు. పేరు తప్ప తేడా లేదు. అయినా పైకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకూ ముస్లిం పేరుకూ పిలుపులు స్పష్టంగా తక్కువ వచ్చాయి, అందరికంటే తక్కువ ముస్లిం పేరుకు. అదే సంవత్సరం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్చార్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసంలో, ప్రతిభే మాకు ముఖ్యమన్నవాళ్ళే అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడగడం సహజమని చెప్పిన సంగతి నమోదైంది. తండ్రి ఏం చేస్తారు, అన్నదమ్ములు ఏం చదివారు, ఏ ఊరు. బట్టల కొట్టు గుమాస్తా కొడుకు ఆ ప్రశ్నకు ఏ జవాబు చెబితే మీకు నచ్చుతుంది?

అడిగే పద్ధతి వల్ల ఎంపిక ఎంత మారుతుందో కూడా తెలిసినదే. 1998లో షిమిట్, హంటర్ 85 ఏళ్ళ పరిశోధనల్ని క్రోడీకరించి, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరసలో అడిగి ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, తోచినట్టు మాట్లాడే ఇంటర్వ్యూకంటే రాబోయే పనితీరును బాగా అంచనా వేస్తుందని తేల్చారు. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ అంకెల్ని మళ్ళీ సరిచూసింది. చాలా పద్ధతుల బలం తగ్గినా, ప్రశ్నలు ముందే నిర్ణయించుకున్న ఇంటర్వ్యూ, పనితీరుతో 0.42 సహసంబంధంతో, అన్నిటికంటే పైన నిలిచింది. తోచినట్టు చేసేది 0.19కి పడిపోయింది.

మీ ప్రశ్నల కాగితం రేపు ఉదయం నుంచి ఈ గదుల్లోనే వాడబోతున్నారు. ఈ రాత్రి దాన్ని ఒకసారి తీసి చూడండి. కుటుంబం, సొంతూరు, పెళ్ళి ఎప్పుడు అనే ప్రశ్నలు కొట్టేయండి. ఆ స్థానంలో, నువ్వు చేసిన ఒక పని గురించి చెప్పు, అందులో ఏది పనిచేయలేదు, దాన్ని ఎలా దిద్దావు అని అందరినీ ఒకేలా అడగండి. మొదటిసారి తడబడినవాళ్ళని, తిరస్కరణ రాసే ముందు, రామచంద్రరావులా ఇంకొకసారి పిలిచి పదిహేను నిమిషాలు ఇవ్వండి. పిల్లలకు నేను చెప్పినవన్నీ వాళ్ళు నేర్చుకోవడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. మీరు చేయవలసింది రేపు తొమ్మిదింటిలోపు అయిపోతుంది.